కొండింటికి కొత్త నేల!

పేడతో అలికిన మట్టి నేల... ఎర్ర గచ్చు... నాపరాళ్లు... మొజాయిక్... ఆపైన టైల్స్! మన ఇళ్లలో నేల ఎన్ని వేషాలు మార్చిందో. ఆ వరసలో తాజాగా వచ్చి చేరింది లగ్జరీ వినైల్. చూస్తే టేకు చెక్క. తుడిస్తే టైలు. నడిస్తే మెత్తన. నగరాల్లో అపార్ట్‌మెంట్లకు బాగానే అలవాటైపోయిన ఈ నేల, వానా తేమా వదలని మారేడుమిల్లి కొండల్లో నిలుస్తుందా? డబ్బు పెట్టేముందు ఏమేం చూసుకోవాలి?

మారేడుమిల్లి అనగానే గుర్తొచ్చేది బొంగులో చికెన్. తర్వాత జలతరంగిణి, అమృతధార జలపాతాలు, పాములేరు వాగు, గుడిసె కొండమీద తెల్లవారుజామున పరచుకునే మబ్బులు. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. శని, ఆదివారాలొస్తే చాలు, కార్లూ బైకులూ బారులు తీరతాయి. వచ్చినవాళ్లకు రాత్రి ఉండటానికి గది కావాలి కదా! అందుకే ఊళ్లోనూ చుట్టుపక్కలా కాటేజీలు, హోమ్‌స్టేలు వెలిశాయి. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతుల్లోకి వెళ్లకుండా 1970 నాటి 1/70 చట్టం అడ్డుగా ఉంది. కాబట్టి సొంత జాగాలో రెండు గదులు వేసి అద్దెకివ్వడమన్నది స్థానిక గిరిజన కుటుంబాలకు కలిసొచ్చే ఆదాయం.

మరోపక్క కొండరెడ్లున్నారు. ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల్లో ఒకటిగా గుర్తించిన తెగ వీరిది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద ఇలాంటి తెగల వారికి పక్కా ఇంటికి రూ.2 లక్షల సాయం, ఉపాధి కూలీ, మరుగుదొడ్డి డబ్బు కలిపి రూ.2.39 లక్షలుగా లెక్కగట్టారు. వెదురు తడికెలకు మట్టి మెత్తి, గడ్డి కప్పుకున్న ఇంటి నుంచి కాంక్రీటు ఇంటికి మారడమంటే ఒక తరంలో ఒక్కసారి జరిగే ముచ్చట.

అద్దె గది కట్టేవాళ్లయినా, సొంతింటి కల తీర్చుకుంటున్నవాళ్లయినా గోడలూ కప్పూ అయిపోయాక ఆగి ఆలోచించేది ఒక్కచోటే... కింద ఏం వేద్దాం?

ముందు గచ్చు... తర్వాతే హంగు!

మట్టి నేలను తక్కువ చేయలేం. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుంది. పగుళ్లొస్తే ఇంట్లోవాళ్లే అలుక్కుంటారు. పండగొస్తే ముగ్గేస్తారు. ఖర్చు శూన్యం. కానీ వానాకాలంలో కింది నుంచి చెమ్మ ఎగబాకుతుంది. పాకే పసిపాప అదే నేల మీద చేతులు పెట్టి, అవే నోట్లో పెట్టుకుంటుంది. నులిపురుగులూ విరేచనాలూ మొదలయ్యేది అక్కడే.

దీనికి మెక్సికోలో ఒక గట్టి రుజువు దొరికింది. అక్కడి కోవాహిలా రాష్ట్రంలో 2000 సంవత్సరంలో ‘పీసో ఫిర్మే’ అనే పథకం పెట్టారు. ఆ మాటకర్థం ‘గట్టి నేల’. పేదల ఇళ్లలో మట్టి నేల మీద ఉచితంగా సిమెంటు గచ్చు వేయించారు. ఆ ఇళ్లను ఆర్థికవేత్తలు పథకం అందని పొరుగు పట్టణాల ఇళ్లతో పోల్చి చూశారు. మట్టి నేల పూర్తిగా సిమెంటు నేలగా మారిన చోట పిల్లల్లో పరాన్నజీవుల బెడద 78 శాతం, విరేచనాలు 49 శాతం, రక్తహీనత 81 శాతం తగ్గాయని 2009లో ప్రచురితమైన ఆ అధ్యయనం తేల్చింది. తల్లుల్లో దిగులు కూడా తగ్గిందట!

ఇందులో మనకో పాఠం ఉంది. ఆరోగ్యానికి కావాల్సింది గట్టిగా, పొడిగా, తుడవడానికి వీలుగా ఉండే నేల. అది సాదా సిమెంటు గచ్చు అయినా సరే. వినైలు, గ్రానైటు... ఇవన్నీ దానిపైన చేసుకునే ముస్తాబులు. చేతిలో డబ్బు కొంచెమే ఉంటే మొదటి రూపాయి గచ్చు కిందకు వెళ్లాలి, పైకి కాదు.

‘లగ్జరీ’ వెనక కథ

వినైల్ అంటే పాలీవినైల్ క్లోరైడ్. అదేనండీ, మన నీళ్ల గొట్టాల పీవీసీ. గొట్టంలా బిరుసుగా ఉండే ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా వంగేలా మార్చే కిటుకును 1926లో అమెరికాలోని గుడ్‌రిచ్ టైర్ల కంపెనీ శాస్త్రవేత్త వాల్డో సీమన్ కనిపెట్టాడు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో వినైల్ నేలను జనం తొలిసారి చూశారు. అంతకుముందు ఆ రాజ్యం లినోలియానిది. అవిసె నూనె, బెరడు పొడి కలిపి గోనె గుడ్డ మీద పరిచి చేసే ఆ సరుకు ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ 1860ల్లో తెచ్చింది. ఇప్పటికీ మన దుకాణాల్లో చుట్టలుగా అమ్మే ప్లాస్టిక్ షీటును చాలామంది లినోలియం అనే పిలుస్తారు కానీ అందులో దాదాపు అంతా వినైలే!

మరి ‘లగ్జరీ’ ఎక్కణ్నుంచి వచ్చింది? పల్చటి షీటు నుంచి వేరుగా చూపించడానికి వ్యాపారులు తగిలించిన తోక అది. షీటు చుట్టగా వస్తుంది. లగ్జరీ వినైల్ పలకలుగా, చెక్క బద్దల ఆకారంలో వస్తుంది. విడివిడిగా పరుస్తారు కాబట్టి ఒకటి పాడైతే దాన్నే మార్చుకోవచ్చు. ఇది పెద్ద సౌకర్యం.

ఒక పలకను అడ్డంగా కోసి చూస్తే నాలుగు పొరలు కనిపిస్తాయి. అడుగున ఆధారం. దానిపైన అసలు దిమ్మ. ఆపైన చెక్కదో రాయిదో ఫొటో ముద్రించిన పల్చటి పొర. అవును, మనం చూసి మురిసిపోయే టేకు గీతలు వట్టి ఫొటోనే! దాన్ని కాపాడేది అన్నిటికన్నా పైనుండే పారదర్శక పొర. దుకాణదారులు దాన్ని ‘వేర్ లేయర్’ అంటారు. నేల ఎన్నేళ్లు మన్నుతుందో తేల్చేది ఇదే. ఇంటికైతే కనీసం 0.3 మిల్లీమీటర్లు, జనం చెప్పులతో తిరిగే హోమ్‌స్టే గదికైతే 0.5 ఉండాలి. పలక మొత్తం మందం చూపించి ‘ఇది అయిదు మిల్లీమీటర్లండీ’ అంటే సంబరపడిపోకండి. పైపొర ఎంతో అడగండి.

రెండు రకాలు... రెండు స్వభావాలు

బజారులో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. మొదటిది రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో, జిగురుతో అంటించేది. పల్చన కాబట్టి కింద గచ్చులో ఉన్న ప్రతి గుంటా, ప్రతి మిట్టా పైకి కనిపిస్తుంది. జిగురు పట్టు అంతా గచ్చు పొడిగా ఉండటం మీదే ఆధారపడుతుంది.

రెండోది ఎస్‌పీసీ. సున్నపురాయి పొడిని వినైల్‌లో కలిపి దిమ్మగా పోస్తారు. నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల మందం. అంచులు ఒకదాంట్లో ఒకటి టక్కున బిగుసుకుంటాయి. జిగురు అక్కర్లేదు. మొత్తం నేల చాపలా గచ్చు మీద తేలుతూ ఉంటుంది. చిన్నచిన్న హెచ్చుతగ్గుల్ని తట్టుకుంటుంది. పాత టైళ్లు గట్టిగా ఉంటే వాటిని తవ్వకుండా సందులు పూడ్చి పైనే పరిచేయొచ్చు. సున్నపురాయికి బదులు గాలి బుడగల నురగలాంటి దిమ్మ ఉంటే అది డబ్ల్యూపీసీ. నడవడానికి ఇంకా మెత్తగా ఉంటుంది కానీ బరువైన బీరువా కాళ్ల కింద నొక్కుకుపోతుంది.

కొండ ఊళ్లకు ఎస్‌పీసీలో మరో లాభం... బరువు! తొమ్మిది మిల్లీమీటర్ల విట్రిఫైడ్ టైలు చదరపు మీటరుకు ఇరవై కిలోలు తూగుతుంది. అయిదు మిల్లీమీటర్ల ఎస్‌పీసీ దాదాపు పది కిలోలే. రెండు మిల్లీమీటర్ల అంటించే రకమైతే నాలుగు కిలోలు. పది బై పన్నెండు గదికి టైళ్లే 220 కిలోలు దాటతాయి. వాటి కింద ఇసుక, సిమెంటు అదనం. దారిలో పగిలేవి వేరే! రోడ్డు ఆగిపోయిన చోటునుంచి సామాను భుజాన మోసుకెళ్లాల్సిన గూడేల వాళ్లకు ఈ తేడా ఎంతో చెప్పక్కర్లేదు.

చెదలు ముట్టవన్నది ఇంకో సుగుణం. అడవి పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లెవరినైనా అడగండి, చెక్క తలుపుకు చెదలు పట్టకుండా చూసుకోవడం ఎంత పనో చెబుతారు. అలాంటి చోట నిజం చెక్క నేల వేయడమంటే వాటికి విందు పెట్టినట్టే.

అసలు శత్రువు కింద ఉంది!

‘వంద శాతం వాటర్‌ప్రూఫ్’... వినైల్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే మాట ఇది. అబద్ధమేమీ కాదు. బకెట్ నీళ్లు ఒలికినా పలకకు ఏమీ కాదు. కానీ ఆ మాట పైనుంచి పడే నీళ్ల గురించి. కొండల్లో తేమ వచ్చేది కింది నుంచి!

కొండవాలులో కట్టిన ఇంటికి ఎగువ నుంచి వాననీరు నేలలో ఇంకుతూ పునాది వైపు వస్తుంది. గచ్చు ఆ చెమ్మను పీల్చుకుంటుంది. ఇదివరకు మట్టి నేలయినా, సిమెంటు గచ్చయినా ఆ తేమ ఆవిరై గాలిలో కలిసిపోయేది. పైన వినైల్ పరిచామంటే మూత పెట్టినట్టే. చెమ్మ అక్కడే చిక్కుకుంటుంది. జిగురు ఊడుతుంది, అంచులు లేస్తాయి, కింద బూజు పట్టి గదంతా ముక్క వాసన కొడుతుంది. పలకకు గ్యారంటీ ఇచ్చిన కంపెనీ ‘గచ్చు తడిగా ఉంటే మా బాధ్యత లేదు’ అని అదే కాగితంలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. వేసిన డబ్బంతా వాన పాలు!

దీనికి మందు కొత్త ఇంట్లో సులువు. బెడ్ కాంక్రీటు వేసేముందే కింద మందపాటి పాలిథిన్ షీటు, అంటే 250 మైక్రాన్లది పరిపించాలి. మేస్త్రీలు దాన్నే వెయ్యి గేజ్ షీటంటారు. ఇంటి చుట్టూ, ముఖ్యంగా ఎగువ వైపు, కాలువ తీసి వాననీటిని పక్కకు మళ్లించాలి. ప్లింత్ ఎత్తుగా ఉండాలి. ఈ మూడూ చేయించడానికి అయ్యే ఖర్చు పైన వేసే వినైల్‌తో పోలిస్తే కొంచెమే. తర్వాత చేయిద్దామంటే మాత్రం నేలంతా పగలగొట్టాల్సిందే.

ఇక ఓపిక సంగతి. కాంక్రీటు 28 రోజుల్లో గట్టిపడుతుంది కానీ ఆరిపోదు. అంగుళం మందానికి నెల చొప్పున ఆరడానికి టైమివ్వాలన్నది పనివాళ్ల లెక్క. నాలుగంగుళాల బెడ్‌కు నాలుగు నెలలు. అదీ గాలి పొడిగా ఉంటేనే. జులైలో వేసి సెప్టెంబరులో వినైల్ పరిచేద్దామంటే కుదరదు. కార్తీకం వెళ్లాక బెడ్ వేయించి, ఉగాది నాటికి పైపని పెట్టుకుంటే కొండ వాతావరణానికి సరిగ్గా సరిపోతుంది.

ఆరిందో లేదో తెలిసేదెలా? ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ షీటును గచ్చు మీద పరిచి నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. పదహారు గంటలు వదిలేయండి. తీసి చూస్తే షీటు కింద నీటి బిందువులున్నా, గచ్చు రంగు ముదిరినా ఇంకా తేమ ఉన్నట్టే. గదికి రెండు మూడు చోట్ల, ముఖ్యంగా కొండ వైపు గోడ దగ్గర ఈ పరీక్ష చేయాలి. షీటు పొడిగా వచ్చినంత మాత్రాన లోపల మొత్తం ఆరిందని పూర్తి భరోసా లేదు కానీ, తడిగా వస్తే మాత్రం పని ఆపాల్సిందే. పెద్ద కాటేజీ కడుతున్నవాళ్లు గచ్చులో రంధ్రం చేసి లోపలి తేమను కొలిచే మీటరున్న పనివాణ్ని పిలిపించుకోవడం మేలు.

పరిచేటప్పుడు...

గచ్చు సమతలంగా ఉందా? మూడు మీటర్ల తిన్నటి బద్దను నేల మీద పెట్టి చూడండి. కింద అయిదు మిల్లీమీటర్లకు మించి సందు కనిపిస్తే ముందు లెవలింగ్ చేయించాలి. లేదంటే నడిచినప్పుడల్లా పలక కిందికీ పైకీ ఆడి, బిగింపు అంచు విరిగిపోతుంది.

తెచ్చిన పెట్టెల్ని పరిచే గదిలోనే రెండు రోజులుంచాలి. ఆ గది వేడికి పలకలు అలవాటు పడాలి. గోడల పక్కన ఆరు నుంచి పది మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఎండకు వినైల్ సాగుతుంది మరి! ఆ ఖాళీని స్కర్టింగ్ కప్పేస్తుంది. సందు వదలకుండా గోడకు ఆనించి బిగించేస్తే వేసవిలో నేల మధ్యలో పొంగుతుంది. లోయ అందాలు కనబడాలని నిలువెత్తు అద్దాలు పెట్టించే కాటేజీల్లో ఈ జాగ్రత్త రెట్టింపు. నేరుగా పడే ఎండ రంగును కూడా వెలిసిపోయేలా చేస్తుంది. కర్టెన్ తప్పనిసరి.

అన్ని గదులకూ ఒకటే వద్దు!

వినైల్ పడకగదికి బాగుంటుంది. హాలుకూ సరే. కాలికి చల్లగా తగలదు కాబట్టి చలికాలం పొద్దుటిపూట హాయి. పెద్దవాళ్లు జారిపడినా రాతి నేల మీద తగిలినంత దెబ్బ తగలదు. అడుగుల చప్పుడూ తక్కువ.

వంటగది దగ్గరే ఆలోచించాలి. గ్యాస్ పొయ్యి ఉన్నా కట్టెల పొయ్యిని వదలని ఇళ్లు ఏజెన్సీలో ఎన్నో. ఎగిరిపడ్డ ఒక్క నిప్పురవ్వ చాలు, వినైల్ మీద నల్లటి మచ్చ పడుతుంది. వేడి గిన్నె దించితే గుండ్రటి ముద్ర శాశ్వతం. బొంగులో చికెన్ వండి నిప్పుల్లోంచి తీసిన వెదురు బొంగును నేల మీద ఆనించారో, అంతే సంగతులు! దేవుడి మూల దీపం కింద కూడా రాతి పలకో, ఇత్తడి పళ్లెమో ఉండాలి. పీవీసీ కాలితే వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తుల్ని మండిస్తుంది.

అందుకే వంటింటికీ వరండాకూ రాయే రాజు. బేతంచెర్ల, కడప నాపరాళ్లు, తాండూరు బండలు... మన రాష్ట్రాల్లో రాతికి కరవా! నిప్పుకు బెదరవు, నీటికి చెడవు. వాడే కొద్దీ నునుపుతేలి నిగనిగలాడతాయి. ముంగిట్లోకి అడుగుపెట్టేచోట, స్నానాలగదిలో నున్నటి వినైల్ కూడా వద్దు. వానలో తడిసి వచ్చిన కాళ్లకు జారుతుంది. ఒకవేళ అక్కడ వేయాల్సే వస్తే జారుడు నిరోధానికి ఇచ్చే ఆర్ గ్రేడులు అడిగి కనీసం ఆర్-10 ఉన్నది తీసుకోవాలి.

వాసన చెప్పే రహస్యం

బిరుసు పీవీసీని మెత్తగా చేయడానికి కలిపే రసాయనాల్లో థాలేట్లు అనే రకం ఉంది. వీటిలో కొన్ని శరీరంలోని హార్మోన్ల పనితీరుకు అడ్డొస్తాయి. నేల మీదే ఆడుకునే పసిపిల్లలకు ముప్పు ఎక్కువ. ఐరోపా సమాఖ్య ఇలాంటి నాలుగు థాలేట్ల వాడకాన్ని 2020 జులై నుంచి చాలా వస్తువుల్లో కట్టడి చేసింది. అమెరికాలో పెద్ద దుకాణాల గొలుసులు 2015లోనే థాలేట్లున్న వినైల్ నేలల్ని మాన్పించే పనిలో పడ్డాయి. కాబట్టి ‘థాలేట్లు లేవు’ అని రాసి ఉందా, ఇంటిగాలి పరీక్షకు సంబంధించిన ‘ఫ్లోర్‌స్కోర్’ లాంటి గుర్తు ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు. పెట్టె విప్పగానే ఘాటు వాసన తల తిప్పేస్తుంటే ఆ సరుకు మనకొద్దు.

ఇంకో మాట. కోసి పారేసిన ముక్కలు, పాతబడ్డ పలకలు... ఇవి మట్టిలో కలిసేవి కావు. అలాగని చలిమంటలో వేశారంటే విషవాయువులు. పాములేరులోకి విసిరితే అంతకన్నా పాపం లేదు. మిగిలిన ముక్కల్ని దాచుకుంటే రేపు ఏ పలకైనా పాడైనప్పుడు పనికొస్తాయి. మిగతావి పట్నంలో ప్లాస్టిక్ చెత్త తీసుకునేవారికి అప్పగించడమే పద్ధతి. రాజమహేంద్రవరం నుంచి కొత్త నేల తెచ్చిన బండే, తిరుగు ప్రయాణంలో ఆ చెత్తనూ తీసుకెళ్లేలా ముందే మాట్లాడుకుంటే సరి!

లెక్క ఇలా వేయండి...

* పది బై పన్నెండు గది అంటే 120 చదరపు అడుగులు. కోతల్లో పోయేదానికి పది శాతం కలిపితే 132. పెట్టెలో 20 చదరపు అడుగులుంటే ఏడు పెట్టెలు కావాలి.

* చదరపు అడుగు ధర ఒక్కటే అడిగి పోల్చుకోవద్దు. పలక, కింద వేసే పల్చటి నురగ పొర, స్కర్టింగ్, లెవలింగ్, కూలి, రవాణా... అన్నీ కలిపి చెప్పమనండి. నాపరాయికీ టైలుకూ ఇదే లెక్క కట్టి పక్కపక్కన పెట్టి చూడండి.

* అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా? వేరైతే రంగులో తేడా వస్తుంది. ఒక పెట్టె అదనంగా కొని అటక మీద దాచుకుంటే పదేళ్ల తర్వాత అదే డిజైన్ కోసం తిరగక్కర్లేదు.

* గ్యారంటీ కాగితం దుకాణంలోనే చదవండి. హోమ్‌స్టే గదికి వాడితే ఇంటి గ్యారంటీ వర్తించదని చాలా కంపెనీలు షరతు పెడతాయి.

* రబ్బరు అడుగున్న మ్యాట్లు వినైల్ మీద వేయొద్దు. రబ్బరులోని రసాయనం దిగి, పోని పసుపు మచ్చ పడుతుంది. నూలు పట్టా, తాటాకు చాప మంచివి.

* మంచం, బీరువా కాళ్లకు ఫెల్ట్ ముక్కలు అంటించండి. జరపాల్సివస్తే ఈడ్చకుండా ఎత్తి పెట్టండి.

* తుడవడానికి పిండిన తడిగుడ్డ చాలు. యాసిడ్, ఫినాయిల్ గుమ్మరించక్కర్లేదు.

* డబ్బు ఒక పనికే సరిపోతే... పాలిథిన్ షీటు, వాననీటి కాలువ, గట్టి గచ్చు. ముందు అవే! వినైల్ వచ్చే ఏడాదికైనా బజారులో దొరుకుతుంది.